ఇంకో ముక్క తక్కువ

మా అత్త ట్రంకుపెట్టె మా ఇంటికి వచ్చి ఎనిమిది నెలలైంది. ఆమె పోయిన నలభయ్యో రోజు ప్రార్థన కాగానే మా తమ్ముడు ప్రభాకర్ దాన్ని ఆటోలో వేయించి పంపాడు. నెల్లూరులో మాది రెండు గదుల ఇల్లు. పెట్టెకి చోటు లేక మంచం కిందికి తోయించాను. చీపురు తగిలి అది టంగుమన్నప్పుడల్లా రేపు తెరుద్దాంలే అనుకునేదాన్ని. ముప్పయ్యేళ్ళు బడిపిల్లలకి ఈరోజు పని రేపటికి వాయిదా వేయొద్దని చెప్పి జీతం తీసుకున్నదాన్ని నేను, కొంచెమైనా సిగ్గుండాలి. పోయిన వారం వానకి గదిలోకి నీళ్ళొచ్చి పెట్టె అడుగు తుప్పుపట్టింది, గచ్చు మీద ఎర్రటి మరక పడింది. మా అమ్మాయి స్వప్న దాన్ని బయటికి లాగి, తెరుస్తావా, పాత ఇనప సామాన్లవాడికి ఇచ్చెయ్యమంటావా అని అడిగింది. ఇక తప్పించుకునే దారి లేక తెరిచాను. పైన రెండు తెల్లచీరలు, ఒక కళ్ళజోడు, చదవడం రాకపోయినా అత్త ప్రతి ఆదివారం చేత్తో పట్టుకుని చర్చికి వెళ్ళిన పాటల పుస్తకం. వాటి అడుగున ఒక గుడ్డల మూట. ఆ మూట నాది. అందుకే ఇన్నాళ్ళూ తెరవలేదు.

అత్త అంటే మా నాయన చెల్లెలు, సుగుణమ్మ. ఇందుకూరుపేట దాటి మైపాడు పోయే దారిలో, గాలి తిరిగితే సముద్రం హోరు వినపడే చోట మా ఊరు. నాయనకి రెండెకరాల కౌలు చేను, ఆదివారం మా చిన్న చర్చిలో గంట కొట్టే పని. అత్తని అల్లూరు ఇచ్చారు. పెళ్ళయిన మూడేళ్ళకే మామ జ్వరంతో పోయాడు. పిల్లా జెల్లా లేని మనిషి, ఆ ట్రంకుపెట్టె ఒకటి వెంటబెట్టుకుని అన్న ఇంటికి తిరిగొచ్చింది. ఇదంతా నేను పుట్టకముందు మాట. నాకు ఊహ తెలిసేనాటికి ఆమె లేకుండా మా ఇల్లు ఎలా ఉంటుందో తెలియదు. అమ్మ వంట చూసుకునేది, అత్త మిగిలినవన్నీ చూసుకునేది. ఆ మిగిలినవన్నీ అయ్యాక ఆమె బొంతలు కుట్టేది.

మధ్యాహ్నం అన్నాలై, అమ్మ కొంగు పరుచుకుని కునుకు తీసే వేళ వసారా అత్తది. నేల తడిగుడ్డతో తుడిచి, ఆరాక ఒక పాత చీర పరిచేది. అది అస్తరు, బొంతకి అడుగు. లేచిపోకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్ళు. దాని మీద చిరుగుల గుడ్డలు రెండు మూడు పొరలు, వాటి మీద రంగు ముక్కలు. దారం చిక్కుపడకుండా క్రిస్మస్‌కి చర్చిలో కాలిపోగా మిగిలిన కొవ్వొత్తి ముక్క రాసేది. వేలికి గుడ్డపీలిక చుట్టుకుని అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి కుట్టుకుంటూ వచ్చేది. నేను సూదిలో దారం ఎక్కించి ఇచ్చేదాన్ని. మైనం వాసన, మూటల్లో వేసిన ఎండు వేపాకు వాసన, ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలుగుడ్డ వాసన, ఇవన్నీ కలిపి నాకు అత్త వాసన. చివరికి బొంత నడిమధ్య జానెడు చోటు మిగిలేది. ఆ జానెడు చోటుకి ఒక పద్ధతి ఉంది. బొంత ఎవరు ఇస్తున్నారో వాళ్ళ ఒంటిమీది గుడ్డ అక్కడ పెట్టాలి. అదీ వాళ్ళు సంతోషంగా ఉన్న రోజున కట్టిన గుడ్డే అయ్యుండాలి. ఏడుస్తూ కట్టిన గుడ్డ మధ్యలో పెడితే కప్పుకున్నవాళ్ళకి నిద్ర పట్టదని మా ఊళ్ళో అనేవాళ్ళు. బాలింతకి పంపే బొంత మధ్యలో తల్లి పెళ్ళినాటి చీర ముక్కో, మొదటి క్రిస్మస్‌కి అల్లుడు పెట్టిన చీర ముక్కో కనిపించేది. ఆ ముక్క లేనిదే అది బొంత కాదు, వట్టి గుడ్డ.

ఇక గుడ్డలు. అబ్బ, ఆ గుడ్డలు! వసారా పక్క గదిలో నేల మీద మూటలు, అటక మీద మూటలు, వడ్ల గుమ్మి ఖాళీ అయితే అందులో మూటలు. డిసెంబరు వచ్చిందంటే మా పేటలో అందరికీ కొత్తబట్టలు కుట్టేది ఒక్క దర్జీయే. అత్త చేతిసంచితో పోయి అతని కాళ్ళ దగ్గర కూర్చునేది. కత్తెర ఆగేలోపు ముక్క ఆమె ఒళ్ళో ఉండేది. ఎవరైనా పోతే, సమాధి చేసిన మూడో రోజు ఆ ఇంటికి వెళ్ళి ఒక పాత చీర అడిగేది. చచ్చినవాళ్ళ గుడ్డలేంటి వదినా అని అమ్మ ముఖం చిట్లిస్తే, "పోయినోళ్ళు అడుగున ఉండాల, పిల్లోళ్ళు పైన పడుకోవాల, అంతేగదా" అనేది. నిజంగానే అవన్నీ అస్తరుకే పోయేవి.

పాత చీరలకి స్టీలు గిన్నెలిచ్చే రమణమ్మ నెలకోసారి గంప నెత్తిన పెట్టుకుని మా వీధికి వచ్చేది. ఊళ్ళో ఆడవాళ్ళందరూ చీరలిచ్చి గిన్నె తీసుకుంటే, మా అత్త గిన్నె ఇచ్చి చీర తీసుకునేది. ఒకసారి అమ్మ పెళ్ళినాటి ఇత్తడి చెంబు ఇచ్చేసి, ఆవపువ్వు రంగు అంచున్న చినిగిన చీర ఒకటి తెచ్చుకుంది. అమ్మ రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. రమణమ్మ మాత్రం వెళ్ళిన ప్రతి వీధిలోనూ, ముప్పయ్యేళ్ళ వ్యాపారంలో ఎదురు బేరం చేసే మనిషిని ఒక్కదాన్నే చూశానని చెప్పుకుని నవ్వేదట. అత్తకి నవ్వులు పట్టేవి కావు. గంప దించగానే పైనున్న గిన్నెలు పక్కకి జరిపి అడుగునున్న గుడ్డల్లో చెయ్యి పెట్టేది.

నాయన అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఈ పంచాయితీ నడిచేది. "సుగుణా, ఇది కొంపా, చాకిరేవా?" అనేవాడు. చాకిరేవులో గుడ్డలు పోతాయన్నా, మనింట్లో పోవు అని ఆమె జవాబు. ప్రతి గుడ్డకీ ఆమె దగ్గర ఒక కారణం ఉండేది. ఇది తుఫానొస్తే తడిసి వచ్చినవాళ్ళకి. ఇది చర్చి అయ్యగారి భార్య నెల తప్పిందని విన్నాను, ఆమెకి. ఇది చిన్నదే, కానీ రంగు దిగదు. ఇది రంగు దిగుతుంది, కానీ మెత్తన. ఒకనాడు నాయన పట్టుబట్టి ఒక ఊదారంగు ముక్క పట్టుకుని ఇదెందుకు అని అడిగాడు. దాని పక్కన పెట్టేదానికి అంది. ఏ దాని పక్కన అన్నాడు. అది ఇంకా దొరకలేదంది. నాయన మజ్జిగన్నం వదిలేసి లేచిపోయాడు. మేమంతా పొర్లి పొర్లి నవ్వాం. ఒక్కటి మాత్రం చెప్పాలి. ఒక ఏడు నిజంగానే తుఫాను వచ్చి సముద్రం వైపు పల్లెల జనం మా చర్చిలోకి చేరినప్పుడు, అత్త ఉన్న బొంతలన్నీ మోసుకెళ్ళి ఇచ్చేసి, ఇంట్లోవాళ్ళం గోనెలు కప్పుకుంటే, ఇప్పుడు చెప్పన్నా అన్నట్టు నాయన వైపు చూసింది. ఆ తర్వాత ఆర్నెల్లు ఆయన నోరెత్తలేదు.

ఆ మూటలన్నింటిలోకీ ఒకటి నా పేరు మూట. నేను పుట్టిన రోజు నుంచి కూడబెట్టిన ముక్కలవి. నన్ను చర్చిలో ప్రతిష్ఠ చేసిన రోజు తొడిగిన గౌను, మా నాయనమ్మ ఎర్రచుక్కల చీర, నాయన నీలిగళ్ళ లుంగీ, అమ్మ చిలకపచ్చ చీర, నారింజరంగు మీద తెల్లపూల నా క్రిస్మస్ గౌను. వాటన్నిటికీ పైన, మడత విప్పకుండా, అత్త తన పెళ్ళిచీర పెట్టింది. వెంకటగిరి నేత, గంధం రంగు, సన్నటి ఎర్ర అంచు. మామ పోయాక ఆమె తెల్లచీర తప్ప ఇంకోటి కట్టలేదు. సంతోషంగా ఉన్న రోజున కట్టిన చీర ఆమె బతుకులో అదొక్కటే. "నీ బొంత నేనిస్తా మే, మీ అమ్మా నాయనా కాదు. మధ్యలో ఇదే పెడతా" అని నాకు చూపించి మళ్ళీ మూట కట్టేసేది. ఎప్పుడు కుడతావని అడిగితే, నువ్వు పెద్దదానివి కావాలి, ఈ ముక్కలు ఇంకొంచెం మెత్తబడాలి అనేది. నాకు ఆగబుద్ధి అయ్యేది కాదు. ఇంట్లో కుట్టిన బొంతలన్నీ ఎవరెవరికో పోయేవి. నా పేరున ఉన్న ఒక్కటీ ఎప్పటికీ మూటగానే ఉండేది.

నాకు పదకొండేళ్ళప్పుడు అత్త ఆడబిడ్డ కాన్పుకి సాయంగా అల్లూరు వెళ్ళి నెల రోజులుంది. ఆమె వచ్చేసరికి నా గుడ్డలు తయారుగా ఉంచితే వెంటనే కుట్టడం మొదలుపెడుతుందని నాకు తోచింది. మా ఇళ్ళలో తయారు చెయ్యడమంటే గంజి పెట్టడమే. ఆదివారం గంజి పెట్టని గుడ్డ కట్టుకుని మా పేటలో ఎవరూ గుడి గుమ్మం ఎక్కరు. పేదవాళ్ళమే కానీ నలిగిన గుడ్డతో దేవుడి ముందు నిలబడేవాళ్ళం కాదు. శుభ్రం అన్నా గౌరవం అన్నా మాకు గంజే. అమ్మ పొలం పోయిన రోజు చూసి మూట దించాను. ముక్కలన్నీ ఉతికి, అన్నం వార్చిన గంజి చిక్కగా కలిపి ముంచి, కంచె మీద ఆరేశాను. పెళ్ళిచీరకి ప్రత్యేకంగా రెండుసార్లు పెట్టాను. ఎండకి అన్నీ అట్టల్లాగా పెళపెళలాడుతుంటే ఎంత మురిసిపోయానో. మడతలు సాపు చేసి, మూట కట్టి, పైన నా జడ రిబ్బన్ ముడి వేశాను, రెండు రెక్కల పువ్వు. అత్త విప్పిన రోజున చూసి ఆశ్చర్యపోవాలని ఎవరికీ చెప్పకుండా అటక మీద పెట్టేశాను.

అత్త వచ్చాక మూట విప్పలేదు. వానలు పట్టుకున్నాయి, వేరేవాళ్ళ బొంతలు మీద పడ్డాయి. క్రిస్మస్ దాటాక ఒకరోజు పక్కింటామె బొంత నేర్చుకుంటానని వచ్చి కూర్చుంది. నేను సూదిలో దారం ఎక్కిస్తున్నాను. అత్త ఆమెకి మొట్టమొదట చెప్పిన మాట, దాచే గుడ్డలో గంజి చుక్క కూడా ఉండకూడదని. "గంజిగుడ్డ మూటలో పెట్టినామంటే పురుక్కి అన్నం పెట్టినట్టేనమ్మా. బొద్దింకలు, బట్టలపురుగులు ఏడాదిలో పొడి చేసి పెడతాయి" అంది. సూది నా వేల్లో దిగింది. నొప్పి కూడా తెలియలేదు. ఆ రాత్రి చెప్దామనుకున్నాను, చెప్పలేదు. మర్నాడు చెప్దామనుకున్నాను, చెప్పలేదు. ఆ పెళ్ళిచీరకి రెండుసార్లు గంజి పెట్టానని ఏ నోటితో చెప్పను? ఒక ఏడాది గడిచిపోయాక ఇక చెప్పడానికి ఏమీ మిగలదు, దాచడమే మిగులుతుంది.

ఆ తర్వాత నుంచి నా బొంత ఎప్పుడని నేను అడగడం మానేశాను. ఊళ్ళోవాళ్ళే అడిగేవాళ్ళు. అప్పుడు అత్త నోట మొదటిసారి ఆ మాట విన్నాను. "ఇంకో ముక్క తక్కువగా ఉంది" అంది. నేను అమ్మయ్య అనుకున్నాను. టీచరు ట్రైనింగుకి వెళ్ళేటప్పుడు నాయన, ఆ పిల్ల బొంత ఇప్పటికైనా కుట్టవే అన్నాడు. ఇంకో ముక్క తక్కువగా ఉందన్నా అంది. నా పెళ్ళికి అదే మాట. నా కాన్పుకి అమ్మ పేరున బాలింత బొంత కుట్టి పంపింది కానీ, తను ఇస్తానన్నది మాత్రం ఇవ్వలేదు. అప్పుడూ అదే మాట. ఊరికి పోయిన ప్రతిసారీ నేను దొంగలాగా ముందు అటక వైపు చూసేదాన్ని. నా రిబ్బన్ ముడి వేసింది వేసినట్టే, రెండు రెక్కలతో ఉండేది. ఈమె ఇంకా విప్పలేదు, ఇంకా తెలియదు అని గుండె కుదుటపడేది. యాభై ఏళ్ళ పాటు ఒక మనిషి ఆ ముడి జోలికి పోకూడదని కోరుకున్నాను. అది బతుకంటే బతుకా?

రానురాను ఊళ్ళోవాళ్ళకి బొంతలు అక్కర్లేకుండా పోయాయి, అత్తకి గుడ్డలు మాత్రం అక్కర్లేకుండా పోలేదు. పాతచీరలంటే ఒకప్పుడు నూలువి. తర్వాత అన్నీ జారిపోయే రకాలు వచ్చాయి. సూది దిగదు, దారం నిలవదు, ఒళ్ళు వెచ్చబడదు. రమణమ్మ పోయింది, ఆమె కోడలు మోపెడ్ మీద ప్లాస్టిక్ బకెట్లు తెచ్చేది. అత్త కర్ర పట్టుకుని వెళ్ళి ఆ కోడలి గుడ్డల మూట కూడా వెతికేది. గంధం రంగు, సన్నని ఎర్రంచు, చేతినేత ఏమైనా పడిందా అమ్మా అని అడిగేది. ఎప్పుడూ అదొక్కటే అడిగేది. తన చీరకి జత కోసం ఈ వయసులో ఏంటి ఈ చాదస్తం అని నేను విసుక్కునేదాన్ని. చుట్టూ వరిపొలాలు రొయ్యల గుంటలయ్యాయి. ఉప్పుగాలి ముందూ ఉండేది కానీ, ఇప్పుడు నేలలోనే ఉప్పు చేరి మా గోడలు పెచ్చులూడాయి. నాయన, అమ్మ పోయారు. ఇల్లు తమ్ముడి చేతికి వచ్చింది. వాడి భార్య విజయ మంచి మనిషి, ఒక్కమాట అనేది కాదు కానీ, ఆ గది తలుపు తీసినప్పుడల్లా ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేది. నాయన వేళాకోళం పోయి, ఇంట్లో పాతగుడ్డల మీద మౌనం వచ్చింది. అత్త కారణాలు చెప్పడం మానేసింది. అడిగేవాళ్ళుంటే కదా చెప్పడానికి.

పోయినేడు స్నానాలగదిలో జారిపడి అత్త తుంటి ఎముక విరిగింది. నెల్లూరులో మూడు వారాలు ఆసుపత్రిలో ఉంచాం. ఇంటికి తీసుకుపోతే ఎత్తూ పల్లం తిప్పే మంచం వెయ్యాలన్నారు. ఆ మంచం పట్టేది ఆ గదిలోనే. నేనే దగ్గరుండి గది ఖాళీ చేయిస్తానని ఊరికి వెళ్ళాను. విజయ భయపడింది. "వదినా, ఆమె వచ్చి అడిగితే నేనేం చెప్పేది?" అంది. నేను చెప్తాలే అన్నాను. బళ్ళో పెద్ద టీచరుగా చేసిన గొంతు అది, ఎవరూ ఎదురు చెప్పరు. రొయ్యల గుంటల దగ్గర జనరేటర్లు తుడవడానికి పాతగుడ్డలు కావాలని, నూలువైతేనే నూనె బాగా పీలుస్తాయని తమ్ముడు చెప్పాడు. ఊరికే తీసుకుపొమ్మన్నాను. ట్రాలీ ఆటో నిండా ఎత్తారు. ఎత్తుతుంటే ఒక మూట నోరు విడిపోయి నారింజరంగు మీద తెల్లపూల ముక్క ఒకటి జారి బయటికొచ్చింది. అచ్చం నా చిన్నప్పటి గౌను గుడ్డలాగానే ఉందే అనుకున్నాను. అనుకుని, నా చేత్తోనే దాన్ని లోపలికి తోసి ఆటో పొమ్మన్నాను. గది తుడిపించి ఫినాయిలు చల్లించాక ఎంత హాయిగా అనిపించిందో. నా పేరు మూట మాత్రం ట్రంకుపెట్టెలో అడుగున పెట్టి మూత వేశాను. ప్రేమతో కాదు. ఎవరైనా విప్పుతారేమోనని భయంతో.

అత్తని మంచంలో పడుకోబెట్టాక ఆమె మొదట చూసింది మూల వైపు. తర్వాత అటక వైపు చూసింది. "యాడికి పోయినాయి మే?" అంది. నేను సిద్ధంగా ఉన్నాను. ఇచ్చేశానని, ఇంత దుమ్ములో నీకు దగ్గొస్తుందని, నీ ప్రాణం కంటే గుడ్డలెక్కువా అని గడగడా చెప్పాను. చివర్న, నా మూట మాత్రం జాగ్రత్తగా నీ పెట్టెలో పెట్టానని గొప్పగా చెప్పాను. ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసింది. కోపం లేదు. అదే నాకు అర్థం కాలేదు.

"నీ మూట అది కాదు కదమ్మే" అంది.

మందుల మగత అనుకున్నాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత గుడ్డల మాట ఆ నోట రాలేదు. జనవరి మంచుకి ఆమెకి చలి తట్టుకునే శక్తి పోయింది. ఇంట్లో బొంత ఒక్కటీ లేదు. అన్ని బొంతలు కుట్టిన మనిషికి కప్పడానికి ఒక్కటైనా లేదేమిటని ఊళ్ళో అడిగించాను. ఎప్పుడో పారేశామన్నారు, కుక్క పడుకుంటోందన్నారు. గులాబీపువ్వుల బొచ్చు దుప్పటి కొత్తది కొని కప్పాం. "బరువు లేదు మే, మీద ఏం లేనట్టుండాది" అంది. ఇంకొకటి కప్పాను. అదీ జారిపోయింది. ఆ నెలాఖర్లో, ఆ రెండు దుప్పట్ల కిందే పోయింది.

పోయిన వారం స్వప్న పక్కన నిలబడి ఉండగా ఆ మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. యాభై ఏళ్ళ నాటి ముడి, బిగుసుకుపోయి కత్తెరతో కొయ్యాల్సి వస్తుందనుకున్నాను. ఒక రెక్క పట్టి లాగితే ఊడిపోయింది. అది నేను వేసిన ముడి కాదు. నేను వేసినట్టే మళ్ళీ మళ్ళీ వేసిన ముడి. లోపల నా ముక్కలన్నీ ఉన్నాయి. పురుగు తిన్నంత తిని వదిలేసిన జల్లెడలు. గంజి మడతల్లో గోధుమరంగుకి తిరిగింది. ప్రతి ముక్కకీ ఒక మూల, మైనం రాసిన తెల్లదారంతో, బొటనవేలంత కొత్త పేలిక కుట్టి ఉంది. నాయనమ్మ ఎర్రచుక్కల చీర పక్కన ఎర్రచుక్కల పేలిక. నాయన నీలిగళ్ళ పక్కన నీలిగళ్ళు. అమ్మ చిలకపచ్చ పక్కన ఇంచుమించు అదే చిలకపచ్చ. నారింజరంగు మీద తెల్లపూల పక్కన, నారింజరంగు మీద తెల్లపూలు. పురుగు తినని, మెత్తటి, గంజి లేని నూలు. చదువు రాని మనిషి రాసుకున్న జాబితా అది. ఏ ముక్కకి జత దొరికిందో దాని నుంచి పేలిక కత్తిరించి ఇక్కడ కుట్టి, అసలు గుడ్డని బయటి మూటల్లో దాచింది. ఇత్తడి చెంబు ఇచ్చి తెచ్చుకున్న చీర తాలూకు ఆవపువ్వు రంగు పేలిక ఎక్కడుందో కూడా చూశాను. నా మొదటి పుట్టినరోజు పావడా అంచు పక్కన ఉంది.

ఆమె ఆ మూట ఆ ఏడాదే విప్పి ఉంటుంది. చూసి, ఎవరి పనో తెలుసుకుని, ముడి మళ్ళీ నాలాగే వేసి పైన పెట్టేసి ఉంటుంది. ఆ తర్వాత బతికినంత కాలం రమణమ్మ గంపలోనూ, దర్జీ కాళ్ళ దగ్గరా, చావు ఇళ్ళలోనూ వెతికింది నా బొంతనే. మేమందరం నవ్వింది దాన్ని చూసే. నేను జనరేటర్లకి పంపింది దాన్నే. ఒక్క ముక్క పక్కన మాత్రం ఏమీ లేదు. గంధం రంగు, సన్నటి ఎర్ర అంచు. రెండుసార్లు గంజి పెట్టాను కదా, గుడ్డ కంటే చిల్లులే ఎక్కువున్నాయి. దాని మూలన దారం ఎక్కించిన సూది గుచ్చి ఉంది. పేలిక దొరకగానే కుట్టడానికి సిద్ధంగా పెట్టుకున్న సూది. తుప్పుపట్టి గుడ్డకే అతుక్కుపోయింది. ఒక్కసారి చెప్పి ఉంటే, అత్తా, నేనే పాడుచేశానని ఒక్కసారి అని ఉంటే, ఆమె ఏ ముక్కతోనో సర్దుకుని మిగిలినవాటితో ఆ బొంత కుట్టేసేదేమో. నేను చెప్పలేదు. నాకు బాధ కలుగుతుందని ఆమె చెప్పలేదు. ఇద్దరం కలిసి ఆ బొంత లేకుండా చేశాం.

తెలిసి తెలిసి తమ్ముడికి ఫోన్ చేశాను. ఆ గుడ్డలేమైనా మిగిలాయేమో గుంటల దగ్గర కనుక్కోమన్నాను. "ఎప్పుడో తుడిచి కాలవలో పారేసినారక్కా. ఇప్పుడెందుకు?" అన్నాడు. ఏం లేదులే అన్నాను. ఆ రోజుల్లో ఒక చినిగిన ముక్క పోతే మనిషి ఇల్లిల్లూ తిరిగేది. ఇవాళ నా బీరువాలో విప్పని చీరలు ఇరవైకి పైగా ఉన్నాయి. అడిగితే నేనూ కారణాలు చెప్పగలను, పెళ్ళిళ్ళకనీ, పండక్కనీ. వాటిలో ఒక్కటీ ఎవరి కోసమూ కాదు. స్వప్న ఏటా పాతబట్టలు సంచుల్లో కట్టి ఎవరో వచ్చి తీసుకుపోతే ఇచ్చేస్తుంది. దాన్ని తప్పు పట్టే నోరు నాకు లేదు. నాకు కుట్టడం సగమే వచ్చు, ఇప్పుడు సూదిలో దారం ఎక్కించే చూపు కూడా పోయింది. కుట్టినా ఎవరికివ్వను, మధ్యలో ఏం పెట్టను?

నేను ముక్కలన్నీ మళ్ళీ మడత పెట్టి, సూదిని కదిలించకుండా గంధం రంగుది పైన ఉంచి, మూట కట్టడం చూసి స్వప్న నా పక్కన కూర్చుంది. "ఇంకేం పనికొస్తుందమ్మా అది? ముట్టుకుంటే పొడి రాలుతోంది. ఇచ్చేద్దాం" అంది.

"ఉండనీ. ఇంకో ముక్క తక్కువగా ఉంది" అన్నాను.

"ఏ ముక్క? ఎక్కడ దొరుకుతుందో చెప్పు, నేను తెస్తాను."

"దొరకదు" అని, రెండు రెక్కల ముడి వేసి పెట్టె మూత దించాను.